వెడల్పు చక్రాల వేసవి

ఆ ఏడు ఫాల్గుణం చివర మా అన్న ధర్మ, ఊరంతా పట్టే జీపు ఇచ్చేసి ఇద్దరు పట్టే కారు తెచ్చాడు.

కారు ఎర్రగా ఉంది. పొట్టిగా ఉంది. నేలకు ఎంత దగ్గరగా ఉందంటే, మా కోళ్లు రెక్క విదల్చకుండానే దాని మూతి మీదికి నడిచి ఎక్కాయి. తారురోడ్డు నుంచి మా ఊరు పనసవలసకు వచ్చే మట్టిదారిలో, రెండు చక్రాల జాడల మధ్య పెరిగిన గడ్డి దాని కడుపును పొడుగునా రాసి పచ్చరంగు పూసింది. వాకిట్లో ఆపాక అన్న దిగడానికి ముందు కాళ్లు బయట పెట్టాడు. తర్వాత చేతులు నేలకు ఆనించాడు. ఆ తర్వాత పాకే పిల్లవాడు లేచినట్టు మెల్లగా లేచాడు.

వదిన నీలవేణి అరుగు మీద సామలు చెరుగుతోంది. చేట ఆగలేదు.

“జీపేది?” అంది.

“ఇచ్చేసినాను.”

“ఎవులికి?”

“ఇశాపట్నం గణపతిరావు గారికి. ఆయన కారే ఇది. మారుబేరం.”

“మరి సంతకి?”

అన్న కారు చుట్టూ తిరిగి కోళ్లను తోలాడు. ఆ ప్రశ్నకు అదే జవాబయింది.

మా ఊరికి ఉన్న బండి ఆ జీపొక్కటే. శుక్రవారం తెల్లారితే అల్లం బస్తాలు, చింతపండు గంపలు, అడ్డాకుల మోపులు, వాటి మీద మనుషులు, మనుషుల ఒళ్లో కోళ్లు. అన్నీ అరకు సంతకు అందులోనే దిగేవి. దారిలో చెయ్యెత్తిన మనిషిని దాటి పోవడమన్నది మా అన్నకు తెలియదు. వెనక ఖాళీ లేకపోతే ముందు, ముందు లేకపోతే పైన, పైన లేకపోతే మెట్టు మీద. ఎక్కడో ఒక చోట పట్టేవారు. అలాంటివాడు ఒక పోటీ కోసం ఆ జీపును వదులుకున్నాడు.

చైత్రంలో విశాఖ నుంచి కార్ల మోజున్న కొందరు వచ్చి మన ఘాట్ రోడ్డు మీద పందెం పెడతారట. కింద నుంచి పైకి ఎవరు ముందు చేరితే వారు గెలిచినట్టు. అంతకుముందు చలికాలంలో గణపతిరావు గారు అన్న జీపులో ఒకసారి ఘాట్ ఎక్కి, మలుపుల్లో అతని చేతులు చూశారు. నువ్వు గెలిస్తే విశాఖలో నా బళ్లు నడిపే పని నీదే అన్నారు. ఆ మాట అన్న తలలోకి వెళ్లాక తక్కినదేదీ వెళ్లడానికి చోటు మిగల్లేదు.

కారు ఒక్కటే ఉంటే మేము ఎలాగో సర్దుకునేవాళ్లం. చక్రాలు కూడా వచ్చాయి.

దానికి ఉన్న చక్రాలు సన్నగా ఉన్నాయనీ, మలుపులో జారిపోతాయనీ, వెడల్పు చక్రాలుంటేనే పట్టు ఉంటుందనీ చెప్పి గణపతిరావు గారు నాలుగు కొత్త రిమ్ములు, నాలుగు వెడల్పు టైర్లు బస్సు టాపు మీద పంపించారు. వాటిని బిగించడానికి అరకు స్టేషను దగ్గర పంక్చర్ల కొట్టు నడిపే కొండబాబు వచ్చాడు. కొండ దిగువన కోట వైపు మనిషి. మోపెడ్ మీద జాకీ, పానాల సంచి కట్టుకుని వచ్చి, కారు పక్కన గొంతుక్కూర్చుని, కింద నుంచి పైకి, పైనుంచి కిందకు చూశాడు.

“జీపయితే ఎత్తుకి ఇంకో స్ప్రింగు పట్టీ ఏసి పడేద్దును బావూ. దీనికి పట్టీలే నేవు. స్ప్రింగులు సూడు, ఎవుడో కోసేసినాడు.”

“కొయ్యనేదు. దించినారు. స్పోర్ట్స్ కారు అలాగే ఉండాలి,” అన్నాడు అన్న.

“కోసే దించినారు. మేక తల దించినట్టు.”

చక్రం పెట్టాడు. టైరు లోపలి చెంప షాకబ్జారుకు ఆనింది. తీశాడు. చక్రానికీ ఇరుసుకూ మధ్య ఇనుప బిళ్ల వేసి బయటికి జరిపాడు. ఈసారి టైరు బయటి భుజం మడ్‌గార్డు అంచును తాకింది. పల్చటి బిళ్ల వేస్తే లోపల తగిలింది. మందం బిళ్ల వేస్తే బయట తగిలింది. ఆ రోజు, ఆ మర్నాడు మా వాకిట్లో వినిపించిన మాటలు రెండే: లోపల, బయట. నేను చదువుకోవడానికి కూర్చుంటే పుస్తకంలోని వాక్యాలు కూడా లోపల, బయట అని నడిచేవి.

“పాత చక్రాలే పెట్టేస్తే ఏమవుతుంది అన్నా?” అని నేను ఒకసారి అన్నాను. నాకు నోరు తక్కువ; ఆ మాట కూడా మెల్లగానే అని ఉంటాను. ఇద్దరూ నన్ను పూజలో తుమ్మిన మనిషిని చూసినట్టు చూశారు.

చివరికి కొండబాబే ఉపాయం చెప్పాడు. “మడ్‌గార్డు అంచుని లోపలికి మడతెట్టాల. సుత్తితో కొడితే రంగు ఎగిరిపోతాది, రేకు సొట్టపోతాది. నున్నగా, గుండ్రంగా, గట్టిగా ఉన్న కర్రేదైనా ఉందేటి?”

అన్న చూపు అరుగు మూలకు వెళ్లింది. నా చూపు దాని వెనకే వెళ్లింది. వదిన చూపు మా ఇద్దరికంటే ముందే అక్కడికి చేరింది.

“నా రోకలి ముట్టుకుంటే ఊరుకోను,” అంది.

ముట్టుకున్నారు. టైరుకూ అంచుకూ సందున రోకలిని అడ్డంగా పెట్టి కొండబాబు పట్టుకుంటే, అన్నా నేనూ కారును అంగుళం అంగుళంగా ముందుకూ వెనక్కూ తోశాము. చక్రం తిరుగుతుంటే రోకలి పొర్లి, రేకు అంచు కిర్రుమంటూ లోపలికి మడతపడింది. పని బాగానే ఉందని నేను కూడా ఒప్పుకోవాలి. రోకలికి మాత్రం ఎర్రరంగు అంటుకుంది. ఆ తర్వాత ఎన్నాళ్లో మా సామన్నంలో ఎర్రటి నలకలు వచ్చేవి. వదిన వాటిని ఏరి, మాట్లాడకుండా, అన్న కంచం అంచున పెట్టేది.

ఇక్కడే అసలు పొరపాటు జరిగింది. చక్రం మార్చిన బండికి కోడి రక్తం చూపించేదాకా అందులో ఎవరూ కూర్చోకూడదన్నది మా ఊరి కట్టుబాటు. జీపుకూ అలాగే చేసేవాళ్లం. పూజ చేయవలసిన పెద్ద, సోంబరు తాత, కూతురి ఊరు వెళ్లాడు. ఆయన వచ్చేదాకా పనంతా ఖాళీ కారు మీదే నడిచింది. తోసింది బయటి నుంచి. కొలిచింది బయటి నుంచి. అన్న మడ్‌గార్డు కింద వేలు పెట్టి నాలుగు చక్రాల చుట్టూ తిప్పి చూశాడు. వేలు ఎక్కడా ఇరుక్కోలేదు. కొండబాబు తన వేలు కూడా తిప్పి, పానాలు సర్దుకుని వెళ్లిపోయాడు. కారంటే లోపల మనుషులుండేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

సోంబరు తాత వచ్చాడు. నాలుగు చక్రాలకూ నాలుగు బొట్లు పడ్డాయి. మొదట ఇంటి ఆడమనిషి కూర్చోవాలి. వదిన కొత్త చీర కట్టుకుని, ఎంత కోపమున్నా తలలో పూలు పెట్టుకుని, వంగి, ముడుచుకుని, లోపలికి దూరింది. అన్న పక్కన కూర్చున్నాడు. ఊరు ఊరంతా అటూ ఇటూ నిలబడింది. కారు కదిలింది.

కర్ర్‌ర్‌ర్.

అన్న ఆపాడు. దిగి చూశాడు. వెనక చక్రం భుజం అంచుకు ఆని ఉంది.

“ఒక్కసారి దిగు,” అన్నాడు వదినతో.

దిగింది. కారు కాస్త పైకి లేచింది. ముందుకు నడిపాడు; చప్పుడు లేదు.

“మళ్లీ ఎక్కు.”

ఎక్కింది. కర్ర్‌ర్‌ర్.

“దిగు.”

“ఏటే నీలవేణీ, ఏటి తింటన్నావే నువ్వు?” అని పక్కింటి తవిటమ్మత్త అంది. అందరూ నవ్వారు. అన్న ఆ నవ్వు వినలేదు. అతని చెవి చక్రం దగ్గర ఉంది. “మళ్లీ ఎక్కు, ఈసారి ఇటు ఒరిగి కూకో,” అన్నాడు. వదిన ఎక్కలేదు. చీర కుచ్చిళ్లు దులుపుకుని, తలలో పూలు తీసి చేతిలో పట్టుకుని, ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అన్న కాళ్లు కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ అడిగింది.

“ఇదిగో. ఆ కారెక్కుతానని నాను అడగను. రోడ్డు మీద నాను నడిసెల్తంటే, నువ్వు ఆ కారులో వత్తే ఆగుతావా, ఆగవా? అది సెప్పు.”

“అదేటి అడగడం?”

“సెప్పు.”

“ఇంకో మనిషెక్కితే టైరు కోసుకుపోతాది. నీకు తెల్దేటి? పోటీ అయిపోనీ.”

వదిన ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్లింది. మా ఇంట్లో ఆ వేసవి నడిచినదంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. పొయ్యి దగ్గర, బావి దగ్గర, అన్నం వడ్డించే చోట అది నిలబడే ఉండేది. అన్న దాన్ని పక్కకు తప్పుకుని నడిచేవాడు.

పోటీకి ముందు చక్రం ఎక్కడెక్కడ రాసుకుంటోందో తెలుసుకుని ఆ చోటల్లా రేకు అణచాలి. అందుకు లోపల కొంత బరువు ఉండాలి. ఆ బరువుకు చెవులుండాలి. అన్న నన్ను ఎంచుకున్నాడు.

“ఓలె బేబీ, నువ్వయితే తీగలాగుంటావు, టైరు ఎక్కువ రాసుకోదు. పద్యాలు రాస్తావు కదా, చెవి మంచిది. ఏ మలుపులో ఏ చక్రం రాసుకుంటందో ఇని సెప్పు.”

పద్యాలు రాస్తానని ఎవరికీ చెప్పవద్దని ప్రాధేయపడి చెప్పిన రహస్యం అది. దాన్ని ఒక టైరుకు ఆనించి వాడుకున్నాడు.

అలా నేను ఆ వేసవిలో బరువునయ్యాను. మోకాళ్లు గడ్డానికి తగులుతూ, రోడ్డు నడుము కింద నుంచే పారుతున్నట్టు, పొద్దున్నే ఘాట్ వైపు దిగేవాళ్లం. ఎడమ మలుపులో కుడి వెనక చక్రం ఒకసారి దీర్ఘంగా రాసేది. కుడి మలుపులో ఎడమది రెండుసార్లు తునకలుగా రాసేది. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు చక్రాలు రెండూ కలిసి గొణిగేవి. గొణగడమంటే ఇంట్లో మా వదిన, రోడ్డు మీద ఈ చక్రాలు. రెంటి మధ్య నేను. రాత్రి పడుకుంటే చరణాలకు బదులు ఆ చప్పుడే వరసగా వచ్చేది. నేను చెప్పిన చోటల్లా కొండబాబు వచ్చి కొట్టేవాడు. ఒకచోట తగ్గితే పక్కన మొదలయ్యేది.

“స్ప్రింగుల్లో రబ్బరు దిమ్మలు ఏసి ఇంత పైకి లేపుదునా? దరిద్రం వదిలిపోద్ది,” అని కొండబాబు ఒకనాడు విసిగి అడిగాడు.

“లేపితే ఇంక స్పోర్ట్స్ కారేటి?”

“మరి కింద పెడితే కారేటి? మీ ఆవిడ ఎక్కడానికి నేదు, సెల్లి ఎక్కితే ఏడుస్తాది. దీనికంటే నా మోపెడ్ నయం. ఎనక ఒక మేకనైనా కట్టుకుంటాను.”

శుక్రవారం వచ్చింది. జీపు లేదు కనుక ఊరి ఆడవాళ్లు తెల్లవారకముందే గంపలెత్తుకుని నడక మొదలుపెట్టారు. అన్నా నేనూ ఎండెక్కాక కారులో బయలుదేరాము. పొడుగాటి ఎగువ దాటి రోడ్డు తిరిగేచోట, వరసగా, ఒకరి వెనక ఒకరు, వాళ్లు కనిపించారు. చివర తవిటమ్మత్త, ఆమెకు ముందు అల్లం గంపతో వదిన.

“అన్నా, వదిన,” అన్నాను.

“సూసినాను.”

“ఆపవా?”

అతని కాలు ఒకసారి కదిలింది. కారు కొంచెం నెమ్మదించింది. ఆ కొంచానికే తవిటమ్మత్త వెనుదిరిగి నవ్వుతూ చెయ్యెత్తింది. వదిన తిరగలేదు. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. అన్న మళ్లీ వేగం పెంచాడు. వాళ్లను దాటుతున్నప్పుడు నా కిటికీకి సరిగ్గా వదిన కాళ్లు మాత్రమే కనిపించాయి. ధూళి పట్టిన పాదాలు, ఎత్తి చెక్కిన చీర అంచు. అంత కింద కూర్చున్నవాళ్లకు మనుషుల ముఖాలు అందవు.

కారు చాలా దూరం పోయింది. తర్వాత, నేను అడగకుండానే అన్నాడు.

“ఆపితే ఎవుల్ని ఎక్కించాలి? నీలవేణిని ఎక్కించి తవిటమ్మత్తని ఒగ్గీనా? అత్తని ఎక్కించి ఆవిణ్ని ఒగ్గీనా? అందుకే ఎవుల్నీ ఎక్కించను.”

“జీపుంటే అందరూ ఎక్కేవాళ్లు కదా.”

“ఎక్కుదురు. జీపొత్తే నన్నెవులూ సూడరే బేబీ. జీపుని సూత్తారు. ఇంకా ఎంతమంది పడతారా అని సూత్తారు. ఇన్నేళ్లలో నాను ఆ మలుపు ఎలా తిప్పినానో సూసినోడు ఆ గణపతిరావు ఒక్కడే.”

ఆ మాటతో నా విసుగు రెట్టింపయింది. కోపపడవలసిన మనిషి మీద జాలి కలిగితే, ఆ కోపం పెట్టుకోవడానికి వేరే చోటు వెతుక్కోవాలి. నేను కారు మీద పెట్టుకున్నాను. సంతలో దిగాక ఎవరూ చూడకుండా ఆ వెనక టైరును ఒక తన్ను తన్నాను. నా కాలికే నొప్పి పుట్టింది.

చైత్రంలో మా కొండల వేట పండుగ, ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్లంతా సోంబరు తాత వెంట అడవికి వేటకు పోయారు. ఆ రోజుల్లో ఊళ్లో మిగిలేది ఆడవాళ్లు, రోడ్డు ఆడవాళ్లది. దారికి అడ్డంగా కర్ర కట్టి, వచ్చే బండినల్లా ఆపి, పాడి, ఆడి, పండుగ మామూలు వసూలు చేస్తారు. ఎంతటివాడైనా ఇచ్చే కదలాలి. కర్ర పట్టుకున్నవాళ్ల మాట కాదనడం మా కొండల్లో లేదు. వేటకు పోని మగవాణ్ని ఏమైనా అనే హక్కు కూడా వాళ్లకే ఉంటుంది.

అన్న వేటకు పోలేదు. ఆ ఆదివారమే పోటీ.

మట్టిదారి తారురోడ్డును కలిసే చోట మా కర్ర. పొడుగాటి వెదురు, సన్నటి కొసన తవిటమ్మత్త, మొదలు దగ్గర మా వదిన. నేను వెనక, అందరికంటే వెనక, నిలబడ్డాను. పొద్దున రెండు బస్సులు, ఒక కాఫీ గింజల వ్యాను ఇచ్చి పోయాయి. తర్వాత ఎర్ర కారు వచ్చింది. అన్న ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. చక్రాలు చప్పుడు లేకుండా, నున్నగా తిరుగుతున్నాయి.

“కర్ర కిందికి దించండర్రా,” అని తవిటమ్మత్త అరిచింది. “లేపోతే ఈడు కింద నుంచి దూరిపోతాడు.”

నవ్వుతూ కర్రను మోకాళ్ల దాకా దించారు. అన్న కూడా నవ్వాడు. కిటికీలోంచి చెయ్యి చాపి నోటు ఇచ్చాడు. తవిటమ్మత్త వంగి, ఇంకా వంగి, అందుకుంది.

“ఏటిరా ధర్మా, అందరూ అడివికెల్లి పందిని కొడతారు, నువ్వు టైరుని కొడతన్నావా?”

“ఆలీసమవుతాది అత్తా, కర్ర ఎత్తండి. అందరూ కింద సూత్తుంటారు.”

కొస లేచింది. మొదలు లేవలేదు. వదిన రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడి ఉంది.

“నా మామూలు?” అంది.

“ఇచ్చినాను కదా.”

“అది ఆళ్లకి. నాకు డబ్బులొద్దు. కింద మలుపు దాకా ఎక్కించుకో.”

పాట ఆగిపోయింది. డప్పు కొడుతున్న అమ్మాయి చేతులు దాని మీదే ఉండిపోయాయి. అన్న ఇంజను ఆపలేదు.

“నీలవేణీ, ఈయాల కాదు. టైరు తెగిపోతే ఘాట్‌లో నాను—”

“కర్ర నా సేతిలో ఉంది.”

అన్న ఎండ వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. పక్కకు వంగి తలుపు తీశాడు.

వదిన కర్ర మొదలు నాకు అందించి, వంగి, ముడుచుకుని, కూర్చుంది. కారు కిందికి దిగబడింది. తారురోడ్డు అక్కడి నుంచి వాలుగా జారి, సిల్వర్ ఓక్ చెట్ల కింద ఒక మలుపు తిరుగుతుంది. కర్ర్‌ర్‌ర్ అని మొదలై, ఆ వాలు పొడుగునా, కర్ర్‌ర్‌ర్ అంటూనే కారు దిగింది. మేమందరం చెవులప్పగించి నిలబడ్డాము. అన్ని వారాలు నేనొక్కదాన్నే విన్న చప్పుడును ఆరోజు ఊరి ఆడవాళ్లంతా విన్నారు.

మలుపు దగ్గర కారు ఆగింది. తలుపు తెరుచుకుంది. వదిన దిగింది. తలుపు తోసింది. చీర చెక్కుకుని, ఎగువకు, మా వైపు నడక మొదలుపెట్టింది.

అంతే. ఆమె అడిగింది మలుపు దాకానే.

అన్న ఇక పోటీకి పోవచ్చు. ఇప్పటికైనా వేళ మించలేదు. కర్ర మొదలు పట్టుకుని నేను పళ్లు నూరుతున్నాను. పో అన్నా, ఇక పో. ఇన్ని వారాలూ ఆ కారు ఆగితే బాగుండునని ఏడ్చినదాన్ని, ఇప్పుడది కదిలితే బాగుండునని ఏడుస్తున్నాను. కారు కదలలేదు. పొగ మాత్రం సన్నగా వస్తోంది. ఆ తర్వాత దాని వెనక రివర్సు దీపం తెల్లగా వెలిగింది.

వెనక్కి తిరగాలని చూస్తున్నాడు. తిరగదు. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు చక్రాలు రేకును పట్టుకుంటాయి; ఇటు కాలువ, అటు లోయ. ముందుకు ఇంత, కర్ర్. వెనక్కి ఇంత, కర్ర్. రోడ్డుకు అడ్డంగా సగం తిరిగి అక్కడ ఇరుక్కుపోయింది.

“ఈడికేటైంది?” అంది తవిటమ్మత్త. నోటు కొంగున ముడేసి వాలులో దిగడం మొదలుపెట్టింది. ఆమె వెనక అందరూ. నేను కర్ర కింద పడేసి పరుగెత్తాను. దారి మధ్యలో వదిన ఎదురైంది. నిలబడిపోయి, వెనక్కి తిరిగి చూస్తోంది. ముఖం చిట్లించి ఉంది.

కారు చుట్టూ ఆడవాళ్లు చేరారు. “ఎనక పట్టండే. గంపెత్తినట్టు ఎత్తండి,” అంది తవిటమ్మత్త. అన్న తలుపు తీయబోయాడు. “నాను దిగుతాను, బరువు తగ్గుతాది,” అన్నాడు.

“కూకో. ఇన్నాళ్లూ ఆడోళ్లు బరువు, ఆడోళ్లు బరువని ఏడిసినావు. నీ బరువెంతో సూద్దుం.”

ఎత్తారు. అన్నతో సహా, వెడల్పు చక్రాలతో సహా, కారు వెనక భాగం నేల వదిలింది. అడుగు అడుగు పక్కకు జరిపి, ధింసా ఆటలో వరుస తిరిగినట్టు తిరిగి, మూతి ఎగువకు పెట్టి దించారు. అన్న స్టీరింగు పట్టుకుని ఎదురుగా చూస్తూ బిగుసుకుని కూర్చున్నాడు. అతని చెవులు కారు కంటే ఎర్రగా ఉన్నాయి.

విశాఖ పని వేరెవరికో వచ్చింది. వానలు పట్టేనాటికి అన్న సుంకరమెట్ట వాళ్ల జీపు మీద కూలి డ్రైవరుగా చేరాడు. మా జీపు మళ్లీ మాది కాలేదు. అవన్నీ తర్వాతి సంగతులు. అప్పటికి మాత్రం కారు మెల్లగా ఎక్కి వదిన పక్కన ఆగింది.

వదిన వంగలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, కారు కప్పుతో మాట్లాడినట్టు మాట్లాడింది.

“ఎనక్కెందుకొచ్చినావు? నాను మలుపు దాకే అడిగినాను. నువ్వెల్తావనే దిగినాను.”

“తెలుసు.”

“తెలిసీ వత్తావా? కింద అందరూ సూత్తన్నారన్నావు. ఆ పోటీ కోసం జీపు ఇచ్చీసినావు. నా రోకలి పాడుసేసినావు. ఇప్పుడేమో పోటీ ఒగ్గేసి ఎగువకొత్తావా? నీకేటి బుద్ధుందా?”

లోపలి నుంచి మాట మెల్లగా వచ్చింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను కనుక విన్నాను.

“అద్దంలో నువ్వు నడిసెల్తన్నావు,” అన్నాడు.

వదిన అటు, లోయ వైపు చూసింది. అక్కడ చూడవలసినదేమీ లేదు. తర్వాత తలుపు తీసి, వంగి, కూర్చుని, విసురుగా వేసుకుంది.

“మెల్లగా పోనీ,” అంది లోపల నుంచి. “ఇటు ఎగువ. ఇంకా గట్టిగా రాత్తాది.”

మెల్లగానే పోనిచ్చాడు. కర్ర్‌ర్‌ర్ అని కారు ఎక్కుతుంటే మేము దాని పక్కన నడిచాము. కొంత దూరం పోయాక మేమే ముందయ్యాము. పందెం కోసం కట్టిన ఆ కారును ముందు డప్పు పిల్ల దాటింది, తర్వాత నేను దాటాను, చివరికి మోకాళ్ల నొప్పుల తవిటమ్మత్త కూడా దాటింది. దాటుతూ కిటికీ దగ్గరకు వంగి చెప్పింది.

“బేగి రండర్రా. నాను ముందెల్లి కర్ర ఎత్తుతాను.”